లేత నిమ్మతోటలో గడ్డి: వదిలేయాలా, పీకేయాలా?



ఈ వ్యాసంతో పాటు పెట్టిన వీడియో పోయిన రోహిణి కార్తెలో, మిట్టమధ్యాహ్నం పూట, నేనే ఫోనుతో తీసింది. చూడటానికి అంత బాగుండదు. నేలంతా ఎండిన గడ్డి, మధ్యలో నిమ్మచెట్లు, దూరంగా వేడికి ఊగుతున్న కొండ. కావాలనే ఆ రోజుల్లో తీశాను. మన ప్రకృతి సేద్యం వీడియోలు చాలావరకు కార్తీక మాసంలో తీసినవే. వానలు పడి నెలరోజులై ఉంటుంది. మోకాలెత్తు పచ్చదనం మధ్యలో ఒక రైతు నిలబడి "కలుపు మన శత్రువు కాదు, ముట్టుకోవద్దు" అని చెప్తుంటాడు. ఆయన చెప్పేదాంట్లో నిజం ఉంది. కానీ వీడియో తీసేది కార్తీకంలో, లేత చెట్టు చచ్చేది రోహిణిలో. ఆ రెండో వీడియో ఎవరూ పెట్టరు. నేను కూడా 2021లో పెట్టలేదు. 83 నిమ్మమొక్కలు చచ్చి ఉంటే ఫోను తీసే మనసు రాలేదు. ఇప్పుడు మీరు చూస్తున్నది ఆ గుంతల్లో మళ్లీ నాటిన చెట్లు.

మాది సోమశిల దగ్గర, అనంతసాగరం మండలం. డ్యాం 78 టీఎంసీలది. మా మిద్దె ఎక్కితే నీళ్లు కనిపిస్తాయి. కనిపించడమే, మా చేను మెట్ట మీద ఉంది. ఎర్రనేల, అడుగున్నర తవ్వితే గరుసు. డ్యాం నీళ్లు కిందికి పోతాయి, మాకు బోరే దిక్కు. ఆత్మకూరు, మర్రిపాడు, ఉదయగిరి మెట్ట రైతులందరిదీ ఇదే కథ, హైలెవెల్ కాలువ మాట వింటూ ముసలివాళ్లయిన వాళ్లు ఉన్నారు. వానలు కూడా మాకు నైరుతి కంటే ఈశాన్యంలోనే గట్టిగా పడతాయి, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ మూడు నెలల్లో నేల మీద ఏది ఉంటే అది మొలుస్తుంది. ఆ తర్వాత అయిదారు నెలలు ఆ మొలిచినవన్నీ ఒకదాని నీళ్లు ఒకటి తాగుతూ బతకాలి. ఈ సంగతి ముందు చెప్పుకోకపోతే, తర్వాత నేను చెప్పేది గోదావరి జిల్లాల రైతుకీ, కేరళ రైతుకీ చాదస్తంగా అనిపిస్తుంది. నెలనెలా వాన పడే చోట లేత తోటలో గడ్డి ఉన్నా మొక్క తట్టుకుంటుంది. మా దగ్గర తట్టుకోదు.

2019 అక్టోబరులో రెండున్నర ఎకరాల్లో బాలాజీ నిమ్మ పెట్టాను. ఆరు మీటర్లకు ఒకటి చొప్పున 280 మొక్కలు. మొదటి ఏడాది ఇంట్లోవాళ్లం అందరం కలిసి పాదులు గీకాం, అన్నీ బతికాయి. 2020లో లాక్‌డౌన్ వచ్చింది. ఇంట్లో కూర్చుని రోజుకు మూడు గంటలు వీడియోలు చూశాను. దున్నవద్దు, గీకవద్దు, అడవిలో ఎవరు కలుపు తీస్తున్నారు? ఆ ప్రశ్న నా బుర్రలో బాగా కూర్చుంది. ఆ నవంబరులో నివర్ తుఫాను వానలు దంచికొట్టాయి. తోటలో బోద నడుమెత్తు లేచింది, మొక్కలు దాంట్లో కనబడలేదు. నేను సంతోషపడ్డాను. నిజంగానే సంతోషపడ్డాను, చేలో తిరిగి వీడియో కూడా తీసుకున్నాను.

మా పక్క చేను పెద్దాయన నాకు వరసకు మామ. గెనిమ మీద నిలబడి అడిగాడు.

"ఏంది అల్లుడా, తోట పెట్టినావా, గడ్డిబీడు పెట్టినావా?"

"నేల కప్పుకోవాల మామా. కప్పుంటే తేమ నిలస్తాది."

"తేమ నిలస్తాది, నిజమే. ముందు గడ్డి తాగినాక మిగిలితే గదా నీ చెట్టుకి."

ఈయన కెమికల్ మనిషి, ఈయనకేం తెలుసు అనుకున్నాను. మార్చికి ఆకులు ముడుచుకున్నాయి. డ్రిప్పు ఎక్కువసేపు వదిలాను. ఏప్రిల్లో కొసలు ఎండాయి. మే ఆఖరికి 61 మొక్కలు పోయాయి. ఇంకో 22 మొక్కలు మంటకు పోయాయి. దారి పక్క ఎవరో బీడీ పారేసినట్టున్నారు, ఎండిన బోద అంటుకుని రెండు వరసలు పది నిమిషాల్లో అయిపోయాయి. ఆ మంటని నేనెవరి మీదా తోయను. చేలో గడ్డివామి లాంటిది పెంచింది నేనే.

చచ్చిన మొక్క ఒకదాన్ని చుట్టూ తవ్వి చూశాను. డ్రిప్పు బొట్టు పడే చోట బోద వేళ్లు జడలాగా అల్లుకుని ఉన్నాయి. నిమ్మ వేరు వాటి మధ్యలో దారంలాగా ఉంది. ఏడాదిన్నర నిమ్మమొక్కకు నీళ్లు పీల్చే సన్నవేళ్లు ఎక్కువగా పై అడుగు మట్టిలోనే ఉంటాయి. గడ్డి వేళ్లు ఉండేదీ అక్కడే. నేను చెట్టుకు వదిలాననుకున్న నీళ్లు గడ్డికి వదిలాను. డ్రిప్పు గంట ఎక్కువ వదిలితే గడ్డి గంట ఎక్కువ తాగింది, అంతే.

ఇప్పుడు అడవిలో కలుపు ఎవరు తీస్తున్నారన్న ప్రశ్నకు వస్తాను. ఎవరూ తీయరు. ఉదయగిరి దుర్గం కొండకు ఒకసారి వానాకాలంలో పోయి చెట్ల కింద చూడండి, చిటికెనవేలు అంత మొలకలు వందలు కనిపిస్తాయి. అదే చోటికి ఎండాకాలం పోయి చూడండి, వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఉదయగిరి చెక్క గరిటెలకు పేరుంది గదా, ఆ కర్ర కోసం కొండెక్కేవాళ్లకు తెలుసు, పనికొచ్చే చెట్టు ఎంత వెతికితే ఒకటి దొరుకుతుందో. అడవి వెయ్యి గింజలు రాల్చి ఒక చెట్టును నిలబెడుతుంది. మిగతా 999 పోయినా దానికి నష్టం లేదు. నేను డబ్బు పెట్టి కొన్నవి 280, నాకు 280 కావాలి. ఈ ఒక్క తేడా వల్ల తోట అడవి కాదు. అడవిని చూసి నేర్చుకోవచ్చు, నేర్చుకోవాలి కూడా, కానీ అడవి లెక్క మన లెక్క ఒకటి కాదని మర్చిపోకూడదు.

ఇంకోటి. అదే కొండ మీద పెద్దచెట్ల నీడ చిక్కగా ఉన్నచోట బోద ఉండదు. చెట్లు కొట్టేసి ఎండ నేరుగా పడే చోటే బోద ఉంటుంది, ఏటా తగలబడేదీ అక్కడే. లేత తోట అంటే ఎండ నేరుగా పడే చోటే. మూడు నాలుగేళ్లు చెట్టుకు నీడే లేదు. ఆ నాలుగేళ్లు గడ్డిది పైచేయి. ఆ కాలంలో "ప్రకృతికి వదిలేశాను" అంటే గడ్డికి వదిలేశామని అర్థం.

ఫుకువోకా పేరు చెప్పి వదిలేసేవాళ్లున్నారు. ఆయన పుస్తకం 1975లో జపనీస్‌లో వచ్చింది, మన తెలుగులోనూ చాలామంది చదివారు. అందులో ఆయనే రాసుకున్న సంగతి ఒకటి ఎవరూ చెప్పరు. షికోకు దీవిలో తండ్రి అప్పగించిన కమలా తోటను ఏమీ చేయకుండా వదిలేస్తే కొమ్మలు అల్లుకుపోయి, పురుగుపట్టి చెట్లు చచ్చాయి. వదిలేయడం వేరు, ప్రకృతి సేద్యం వేరు అని ఆయన తెలుసుకున్నది ఆ దెబ్బతోనే. తర్వాత ఆయన తోట కింద ఉన్నది తనంతట మొలిచిన గడ్డి కాదు, ఆయన చల్లిన తెల్ల క్లోవరు, కూరగాయలు, మధ్యమధ్యలో నాటిన అకేషియా చెట్లు. ఈ ముక్క నేను 2020లోనే సరిగ్గా చదివి ఉంటే 83 మొక్కలు మిగిలేవి.

ఇంతవరకు చదివినవాళ్లు నేను దున్నేవాళ్ల వైపు మారిపోయాననుకోవచ్చు. లేదు. 2021 మేలో మామ మాట నెగ్గింది, నవంబరులో ఏమైందో చూడండి. ఆ నెల వానలకు ఎగువన చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది, 19వ తేదీ. పెన్నలో వచ్చిన వరద మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. నది సంగతి పక్కనపెట్టండి, మా మెట్ట మీద పడిన వాన చెప్తాను. మామ తోట అద్దంలాగా ఉండేది. మందు కొట్టి, రోటవేటర్ తిప్పి, ఒక్క గడ్డిపోచ లేకుండా. మూడు రోజుల వానకు ఆ పొడిమట్టి అంతా వంకలోకి దిగింది. పాదులు పూడిపోయాయి, పల్లం వైపు చెట్లకు వేళ్లు బయటపడ్డాయి. నా చేలోంచి కూడా నీళ్లు పోయాయి, కానీ తేటగా పోయాయి. చచ్చిన 83 గుంతలు పక్కనపెడితే నా మట్టి నాకు మిగిలింది. ఏ గడ్డి నా మొక్కల్ని చంపిందో ఆ గడ్డే నా నేలను కాపాడింది. మామ వచ్చి చూసి ఏమీ అనలేదు, కాసేపు నిలబడి పోయాడు.

అప్పటినుంచి నా ఆలోచన మొత్తం ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది. గడ్డి ఉండాలా వద్దా అని కాదు, ఎక్కడ ఉండాలి, ఏ నెల దాకా బతికి ఉండాలి అని.

ఒక లెక్క చెప్తాను, కాగితం తీసుకుని మీరూ వేసి చూడండి. ఆరు మీటర్ల దూరానికి ఎకరాకు 112 చెట్లు పడతాయి. ప్రతి చెట్టు చుట్టూ మీటరు దూరం, అంటే రెండు మూరల పైచిలుకు, గుండ్రంగా శుభ్రం చేస్తే ఒక చెట్టుకు మూడు చదరపు మీటర్ల పైన వస్తుంది. 112 చెట్లకు కలిపి దాదాపు 352 చదరపు మీటర్లు. సెంట్లలో చెప్పాలంటే తొమ్మిది సెంట్లు కూడా కాదు. ఎకరంలో తొమ్మిది సెంట్లు శుభ్రంగా ఉంచితే లేత చెట్టు బతుకుతుంది. మిగతా 91 సెంట్లు పచ్చగా ఉంచితే నేల బతుకుతుంది. మామ 91 సెంట్లు అనవసరంగా దున్నాడు, నేను తొమ్మిది సెంట్లు బద్ధకించాను.

ఆ తొమ్మిది సెంట్లు మేము తొలికతో గీకుతాం, తవ్వం. లోతుగా పొడిస్తే నిమ్మ సన్నవేళ్లు తెగుతాయి, తెగిన చోటినుంచే బంక తెగులు లోపలికి పోయేది. రోటవేటర్ చేసే అసలు చెరుపు అదే, గడ్డి పోయింది గదా అని సంబరపడే రైతుకు రెండేళ్ల తర్వాత మొదలు దగ్గర బంక కారినప్పుడు గానీ తెలియదు. నేనూ మా ఇంటామె కూర్చుంటే రెండున్నర ఎకరాల పాదులు రెండు రోజుల పైన పడుతుంది. ఏడాదికి నాలుగుసార్లు చేస్తాం. గీకిన చోట కోసిన గడ్డి పరుస్తాం, కానీ మొదలుకు జానెడు దూరంలో. మొదలుకు ఆనించి పరిస్తే తడికి కుళ్లు, పొడికి చెదలు. మా ఎర్రనేలలో చెదలు మామూలుగా ఉండవు.

మిగతా 91 సెంట్లలో తనంతట వచ్చేదానికి వదలకుండా మేమే చల్లుతున్నాం. రైతు సాధికార సంస్థ వాళ్లు చెప్పే నవధాన్యాల పద్ధతే, మట్టి, బూడిద, ఘనజీవామృతం పట్టించిన గింజలు వేసవి వానకు ముందు పొడినేలలో చల్లడం. మా దగ్గర మే, జూన్ వానను నమ్మలేం. అందుకని సగం గింజలు అప్పుడు, సగం సెప్టెంబరు ఆఖర్లో చల్లుతున్నాను. ఉలవ, అలసంద, పిల్లిపెసర, జనుము, కాస్త సజ్జ, గెనిమల మీద ఆముదం, కంది. ఎకరాకు పన్నెండు కిలోల దాకా. జనుము, పిల్లిపెసర ముందు లేచి నేల కప్పేస్తే బోద వెనకబడుతుంది. పూర్తిగా పోదు. పోతుందని చెప్పేవాళ్లు ఇంకా మూడో ఏడాది చూడలేదని నా అనుమానం.

తనంతట వచ్చేవాటిలో కూడా అన్నీ ఒకటి కావు, ఇది మాత్రం నిదానంగా చూసి నేర్చుకోవాలి. వెంపలి వస్తే నేను ముట్టుకోను. పప్పుజాతి మొక్క, వేరు బుడిపెలతో గాలిలోని నత్రజనిని పట్టుకుంటుంది, మన తాతలు వరి మళ్లకు పచ్చిరొట్టగా మోసుకుపోయింది దాన్నే. గలిజేరు, తుమ్మి, గడ్డిచామంతి ఉండనిస్తాను. తుమ్మి పూలకు తేనెటీగలు వస్తాయి, నిమ్మ పూతకు అవే కావాలి. గరిక, తుంగ పాదులోకి రానివ్వను, బయట ఉంటే పట్టించుకోను. వయ్యారిభామను పూత రాకముందే కోస్తాం, నిండు చేతుల చొక్కా వేసుకుని. సర్కారు తుమ్మ మొలక కనిపిస్తే మాత్రం ఆ పూటే వేరుతో సహా పీకేస్తాను. అది ఒక వేసవి దాటిందంటే ఇక జేసీబీ పని.

అన్నిటికంటే ముఖ్యమైంది కోసే వేళ. సంక్రాంతికి ముందు, వానలు ఆగాయని రూఢి అయిన వెంటనే, తోటలో నిలబడి ఉన్నదంతా బ్రష్ కట్టర్‌తో నేలమట్టం చేస్తాం. బతికున్న గడ్డి ఒక పంపు, నేలలో నీళ్లు తోడి గాలిలోకి వదులుతూనే ఉంటుంది. కోసి పరిచిన గడ్డి మూత. డిసెంబరు దాకా పంపు నడిచినా పైనుంచి వాన నింపుతుంది. జనవరి నుంచి నింపేవాడు లేడు, అప్పుడు మూత కావాలి. నేను 2021లో పంపును మే దాకా నడిపాను. ఇది ఏ వీడియోలోనూ నేను వినలేదు. చెప్పేవాళ్లు ఉన్నారేమో, నా కంటపడలేదు. ఆ మూత ఎండుగడ్డే కాబట్టి మంట భయం ఉంటుంది. అందుకు దారి వైపు, గెనిమ వెంబడి మూడు మీటర్లు నేను గుంటక తోలి ఖాళీగా ఉంచుతాను. ప్రకృతి వ్యవసాయదారుడు దున్నడమేంటని ఒకాయన నవ్వాడు. నవ్వనీ.

మరో సంగతి, ఇది మగవాళ్లు వీడియోల్లో మాట్లాడరు. నడుమెత్తు గడ్డిలోకి కాయలు కోయడానికి, పాదులు గీకడానికి దిగేది ఎక్కువగా ఆడవాళ్లు. మా ఏరియాలో కట్లపాము, రక్తపింజర రెండూ ఉన్నాయి. 2020 చివర్లో కూలికి పిలిస్తే ఒక అక్క తోట మొదట్లోనే ఆగిపోయింది. "నీ యవసాయం నీది నాయనా, మా కాళ్లు మావి" అంది. ఆమెదే న్యాయం. ఇప్పుడు డ్రిప్పు లైను వెంబడి మనిషి నడిచేంత బాట ఎప్పుడూ పొట్టిగా కోసి ఉంచుతాం. నేల సూక్ష్మజీవుల గురించి అంత మాట్లాడుకునే మనం మనతో పనిచేసే మనిషి కాలి గురించి కూడా ఒక మాట అనుకోవాలి.

గడ్డిమందు గురించి ఈ బ్లాగు చదివేవాళ్లకు ఎక్కువ చెప్పనక్కర్లేదు. గ్లైఫోసేట్‌ను 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం మనుషులకు క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉన్నవాటిలో చేర్చింది. 2022 అక్టోబరులో మన కేంద్ర ప్రభుత్వం పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప వేరెవరూ వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉత్తర్వు మన ఊళ్ల దాకా ఎంత వచ్చిందో మీకూ తెలుసు. లేత నిమ్మకు ఇంకో ప్రమాదం ఉంది, దాని కాండం ఇంకా పచ్చగానే ఉంటుంది, తుంపర పడితే ఆకులాగే పీల్చుకుంటుంది.

ఇక నీడ. మా వైపు జామాయిల్ తోటలు చూసినవాళ్లు "దాని కింద గడ్డే మొలవదు, ఎంత శుభ్రం" అంటారు. దగ్గర దగ్గరగా నాటిన చెట్లు నేలలో తడి అంతా తోడుకుంటే, పైన ఎండుటాకు కప్పుకుని ఉంటే ఇంకేం మొలుస్తుంది? అది శుభ్రం కాదు, ఎండిపోవడం. నాలుగేళ్లకు నరికితే మళ్లీ ఎండపడి గడ్డి లేస్తుంది. టేకు పెట్టినవాళ్లకు ఇంకో చిక్కు. పెద్ద ఆకు మీద చినుకులన్నీ చేరి బరువైన బొట్లుగా పడతాయి. కింద చిన్నమొక్కో, ఆకుచెత్తో లేకపోతే ఆ బొట్టు నేలను తవ్వేస్తుంది. పైన చెట్టు ఉంది గదా, నేలకు గొడుగున్నట్టే అనుకోవద్దు. నేలను కాపాడేది జానెడెత్తులో ఉన్న పచ్చదనం, పాతిక అడుగుల పైనున్న ఆకు కాదు.

నిమ్మలో ఇంత చిక్కు లేదు. మా మొదటి విడత చెట్లకు ఆరేళ్లు వచ్చాయి. గొడుగు మూడు మీటర్ల దాకా విచ్చుకుంది. దాని కింద బోద దానంతటదే పలచబడింది, రెండేళ్లుగా అక్కడ గీకే పని లేదు. జనుము కూడా ఆ నీడలో సరిగ్గా రావడం లేదు, ఈ ఏడు చెట్ల కింద చల్లకుండా వరసల మధ్యనే చల్లాను. వీడియోలో మూడో నిమిషం దగ్గర పెద్దచెట్టు కిందా, దాని పక్కనే మళ్లీ నాటిన చిన్నచెట్టు చుట్టూ నేల ఎంత తేడాగా ఉందో చూపించాను.

ఆ 83 మాత్రం ఇంకా వెనకే ఉన్నాయి. పక్క చెట్లు కాపులో ఉంటే ఇవి ఈ ఏడే మొదటి పూత తీశాయి. వాటి చుట్టూ నేను ఇంకా తొలిక పట్టుకుని కూర్చుంటున్నాను, ఇంకో ఏడాదో రెండేళ్లో కూర్చోవాలి. వచ్చే రోహిణిలో మళ్లీ ఇవే చెట్ల దగ్గర వీడియో తీసి పెడతాను. మీ లేత తోటలది కూడా మే నెలలో ఒకటి తీసి పంపండి, ఎండిపోయిన మొక్కలు కనిపించినా సరే.